పరాయి దేశంలో ఫుట్‌బాల్ కొలువు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా పిల్లోడికి 16 ఏళ్లు. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో బాగా ఆడతాడని పేరు. యూరప్ క్లబ్బులో చేరుస్తానని ఒకాయన ఆరు లక్షలు అడుగుతున్నాడు. మెస్సీ 13 ఏళ్లకే పోలేదా అంటున్నాడు. పొలం అమ్మి కట్టమంటారా?
ఒక తండ్రి, కావలి

జవాబు: కట్టొద్దండీ. 18 నిండని ఆటగాణ్ణి వేరే దేశపు క్లబ్బు నమోదు చేసుకోకూడదని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా బదిలీ నిబంధనల్లో 19వది చెబుతోంది. మినహాయింపులు కొన్నే ఉన్నాయి: తల్లిదండ్రులు ఆటతో సంబంధం లేని పనిమీద అక్కడికి కాపురం మార్చడం, సరిహద్దుకు 50 కిలోమీటర్ల లోపే ఇల్లూ క్లబ్బూ ఉండడం లాంటివి. యూరప్‌లో 16 దాటిన పిల్లలకున్న వెసులుబాటు ఆ దేశాల మధ్య మారేవాళ్లకే. మెస్సీ స్పెయిన్‌లోని బార్సిలోనా క్లబ్బుకు చేరింది 2000లో, నిబంధన బిగించింది 2001లో. ఆ తర్వాత పిల్లల్ని నిబంధనకు విరుద్ధంగా చేర్చుకున్నందుకు ఆ బార్సిలోనాయే 2015లో ఏడాదంతా కొత్తవాళ్లను నమోదు చేసుకోలేకపోయింది.

ఆయన్ను ఫిఫా ఏజెంటు లైసెన్సు చూపించమనండి. లైసెన్సున్నవాళ్ల పేర్లు ఫిఫా వెబ్‌సైట్‌లో ఉంటాయి. అసలైన ఏజెంటు కమిషను కుదిరిన జీతంలోంచి శాతంగా తీసుకుంటాడు. ముందే లక్షలు అడిగి విజిటర్ వీసా చేతిలో పెడితే, దానిమీద జీతానికి ఆడడం కుదరదు.

ఈ రెండేళ్లలో కాగితాలు సరిచేయండి. మన వైపు ఎక్కువగా చిక్కొచ్చేది పేరు దగ్గరే. టెన్త్ మెమోలో ‘కె. పెంచలయ్య’, ఆధార్‌లో ‘కొండూరు పెంచలయ్య’, జనన ధ్రువపత్రంలో ఇంకో తేదీ ఉంటే బదిలీ వేళ ప్రతిదానికీ సంజాయిషీ రాయాలి. వయసు తగ్గించి రాయించొద్దు. మన దేశంలో చిన్న వయసు పోటీలకు ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తారు. టెన్త్ తప్పకుండా పాసవ్వాలి. లేకపోతే పాస్‌పోర్టు ఈసీఆర్ కింద వస్తుంది, గల్ఫ్, మలేసియా లాంటి దేశాల్లో కొలువుకు ఎమిగ్రేషన్ అనుమతి వేరే తెచ్చుకోవాలి.

ప్రశ్న: కొందరు నాలుగైదు దేశాల్లో ఎలా ఆడతారు? జీతం ఆగితే ఎవరికి చెప్పుకోవాలి?
డిగ్రీ విద్యార్థి, ఒంగోలు

జవాబు: జర్మనీ గోల్‌కీపర్ లుట్జ్ ఫానెన్‌స్టీల్ ఫిఫా కిందున్న ఆరు ఖండాల సమాఖ్యల్లోనూ వృత్తి ఆటగాడిగా ఆడాడు. దేశం మారిన ప్రతిసారీ పాత దేశపు ఫుట్‌బాల్ సంఘం నుంచి కొత్త దేశపు సంఘానికి అంతర్జాతీయ బదిలీ సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో వెళ్లాలి, అదీ ఆ దేశపు నమోదు గడువులోనే. ఒక సీజన్‌లో మూడు క్లబ్బులకు నమోదు కావచ్చు, అధికారిక మ్యాచ్‌లు మాత్రం మామూలుగా రెండింటికే.

ఆ దేశంలో పనిచేసేందుకిచ్చే వర్క్ పర్మిట్ వేరే గండం. 2009లో భారత ఆటగాడు సునీల్ ఛెత్రికి ఇంగ్లండ్‌లో క్వీన్స్ పార్క్ రేంజర్స్‌తో బేరం కుదిరినా, భారత్ ర్యాంకు తక్కువని వర్క్ పర్మిట్ రాలేదు. భారత గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధూ మాత్రం 2014 నుంచి 2017 దాకా నార్వేలో స్టాబెక్ క్లబ్బుకు ఆడాడు. వైద్య పరీక్ష పాసైతేనే, పర్మిట్ వస్తేనే కాంట్రాక్టు చెల్లుతుందనే షరతు ఫిఫా నిబంధనల ప్రకారం కుదరదు. క్లబ్బు అవన్నీ సంతకానికి ముందే చూసుకోవాలి.

రెండు నెలల జీతం బాకీ పడితే 15 రోజుల గడువిస్తూ రాతపూర్వకంగా నోటీసివ్వండి. అప్పటికీ చెల్లించకపోతే న్యాయమైన కారణంతో కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు. ఫిఫా ట్రిబ్యునల్‌కు రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. ఫోన్‌లో అడిగిన మాటకు లెక్క లేదు, ఈమెయిల్, బ్యాంకు స్టేట్‌మెంటు దాచుకోండి.

ప్రశ్న: పిల్లవాడు పెద్ద క్లబ్బుకు పోతే నేర్పిన మాకేమైనా వస్తుందా?
ఒక కోచ్, సింగరాయకొండ

జవాబు: మీకు కాదు, మీ క్లబ్బుకు వస్తుంది. కాంట్రాక్టు ముగియకముందే దేశం దాటి బదిలీ జరిగితే, కొత్త క్లబ్బు పాత క్లబ్బుకు కట్టే సొమ్ములో 5 శాతం 12 నుంచి 23 ఏళ్ల మధ్య తర్ఫీదునిచ్చిన క్లబ్బులకు పంచుతారు. బదిలీ కోటి రూపాయలైతే, 15 ఏళ్ల దాకా ఒక్కో సీజన్‌కు 25 వేలు, ఆపైన 50 వేలు. ఉచితంగా మారితే ఇది రాదు. మీ క్లబ్బు ఫుట్‌బాల్ సంఘంలో సభ్యత్వం పొంది, పిల్లవాణ్ణి తన పేరున నమోదు చేసి ఉండాలి. చేరిన తేదీ, విడిచిన తేదీ రికార్డులో లేకపోతే ఆ సీజన్ లెక్కలోకి రాదు.