ఊరందరికీ చెప్పాలనుకున్న మాట చెల్లెలికి చెప్పారా?

ప్రశ్న: నా వయసు 28. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. ప్రైవేటు బడిలో టీచరుగా పనిచేస్తున్నాను. నాకు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అనే మానసిక జబ్బు ఉందని నాలుగేళ్ల క్రితం హైదరాబాద్‌లో డాక్టరు చెప్పారు. అంతకు ముందు అమ్మ జాన్‌పహాడ్ దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. పెద్దనాయిన నలుగురిలో నన్ను ‘ఎర్రగడ్డ కేసు’ అన్నాడు. ఇప్పుడు డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే మాటల చికిత్సతో చాలా కుదుటపడ్డాను. నేను చదివిన నల్లగొండ కాలేజీలో అక్టోబర్ 10న జరిగే మానసిక ఆరోగ్య దినోత్సవ సభలో నా అనుభవం చెప్పమని పిలిచారు. చెల్లెలికి కోదాడ సంబంధం కుదిరేలా ఉంది. అందుకని నాయిన “పెండ్లయ్యేదాకా నోరు తెరవకు” అంటున్నాడు. అమ్మ చుట్టాలకు థైరాయిడ్ అని చెబుతోంది. చెల్లెలు కూడా రెండేళ్లుగా నాతో పొడిపొడిగానే మాట్లాడుతోంది. ఒకప్పుడు రాత్రుళ్లు నా గది గుమ్మంలో కాపలా కూర్చున్నదే అయినా దానికీ నా బాధ అర్థం కాదు. సద్దుల బతుకమ్మ నాడు కోపంలో అది పేర్చిన బతుకమ్మను తన్నేశాను, అప్పటి నుంచీ ఇంతే. నా జబ్బు గురించి నేను మాట్లాడే హక్కు నాకు లేదా? (ఉత్తరాన్ని కుదించాం.)

జవాబు: ఉంది. మీ వైద్యానికి సంబంధించిన వివరాలను ఆసుపత్రివారు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఆ గోప్యత మీది కాబట్టి దాన్ని వదులుకునే స్వేచ్ఛ కూడా మీదే. ఇరవై ఎనిమిదేళ్ల మనిషికి, నెలనెలా జీతం తెచ్చుకుంటున్న మనిషికి, ఈ సంగతి నేను చెప్పవలసిన అవసరం లేదు. హక్కు గురించి అడగడానికే మీరు ఉత్తరం రాశారని నేను అనుకోవడం లేదు.

నాలుగు పేజీల మీ ఉత్తరంలో పెద్దనాయిన అన్న మాటకు ఒక పేజీ, కాలేజీ పిలుపుకు ఒకటిన్నర పేజీ దక్కాయి. చెల్లెలికి మూడు వాక్యాలు దక్కాయి, అందులోనూ రెండు ఆమె మీద ఫిర్యాదులే. తంగేడు, గునుగు కోసుకొచ్చి, గునుగుకు రంగులద్ది, పొద్దుటి నుంచి వరుస మీద వరుసగా పేర్చుకున్న బతుకమ్మను వాడకట్టు ఆడవాళ్లంతా చూస్తుండగా కాలితో తన్నించుకున్న పిల్ల, రెండేళ్లుగా పొడిపొడిగా మాట్లాడుతోందంటే నాకు వింతేమీ అనిపించలేదు. మాట్లాడుతోందంటేనే వింతగా ఉంది. తర్వాత మీరు ఆమెకు ఏం చెప్పారో ఉత్తరంలో ఎక్కడా లేదు. చెప్పి ఉంటే తప్పకుండా రాసేవారు.

మీ జబ్బును నేను తక్కువ చేయడం లేదు. అయినవాళ్లు వదిలేసి పోతారన్న భయం, ప్రాణప్రదమైన మనిషే పూట గడిచేసరికి శత్రువుగా కనిపించడం, అదుపు తప్పే కోపం, అది చల్లారాక మిగిలే శూన్యం: ఇవన్నీ ఆ జబ్బు లక్షణాలు. అది పొగరు కాదు, గాలి సోకడమూ కాదు. అసలు ‘బోర్డర్‌లైన్’ అన్న ఆ పేరే తంటా తెచ్చిపెట్టింది. న్యూరోసిస్‌కూ (ఆందోళన వంటి బాధలు), సైకోసిస్‌కూ (వాస్తవంతో తెగిపోయే తీవ్రమైన స్థితి) నడుమ సరిహద్దులో ఉన్నవారన్న అర్థంలో 1930లలో మనోవిశ్లేషకులు వాడిన మాట అది. ఆ ఆలోచన పాతబడినా పేరు మిగిలిపోయింది, 1980లో అమెరికా మనోవైద్యుల వర్గీకరణలోకీ ఎక్కింది. ఇప్పుడు దాన్ని వింటున్న చుట్టాలకు ‘పిచ్చికి ఒక అడుగు ఇవతల’ అన్నట్టుగా వినిపిస్తోంది. వైద్యం చేసే చోటును తిట్టుగా వాడే మీ పెద్దనాయినకు మీరు సంజాయిషీ ఇచ్చుకోనక్కరలేదు. చెల్లెలికి మాత్రం ఇవ్వాలి. ఆ కోపం ఎందుకు వచ్చిందో మీ జబ్బు వివరిస్తుంది గానీ, ఆ సాయంత్రం వాకిట్లో చెల్లాచెదురైన పూలను వంగి ఏరుకున్నది ఆమే.

మీరు తీసుకుంటున్న డీబీటీని రూపొందించిన మార్షా లైనహాన్ సంగతి మీ థెరపిస్టు చెప్పే ఉంటారు. పదిహేడేళ్ల వయసులో ఆసుపత్రిలో ఉండి చికిత్స పొందిన ఆమె, ప్రపంచమంతా పేరు వచ్చిన తర్వాత, 68 ఏళ్ల వయసులో, 2011లో ఆ విషయం బయటపెట్టారు. మొదటిసారి మాట్లాడింది తాను రోగిగా ఉన్న ఆ ఆసుపత్రిలోనే, స్నేహితులు, కుటుంబసభ్యులు, వైద్యులు ఎదురుగా ఉండగా. మీరు కూడా అన్నేళ్లు ఆగాలని కాదు. ఆ వరుసలలో సొంతవాళ్లు కూర్చుని ఉన్నారన్నది గమనించమంటున్నాను. అక్టోబర్ 10న నల్లగొండలో మీ చెల్లెలు ఏ వరుసలో కూర్చుంటుంది? అసలు వస్తుందా? మీరు వేదిక మీద “నా కోపం వల్ల నావాళ్లు బాధపడ్డారు” అనగానే హాలంతా చప్పట్లు కొడుతుంది. ఆ మాట తనకు చెప్పకుండా, తన పేరు చెప్పకుండా, తన గాయంతో మీరు చప్పట్లు కొట్టించుకున్నారని ఆమె అనుకుంటే నేను ఆమె పక్షానే ఉంటాను.

కాబట్టి ముందు ఆమెతో మాట్లాడండి. పండుగ దాకా ఆగి పూల ముందు కన్నీళ్లు పెట్టుకునే ఏర్పాటు చేయకండి. అటువంటి ఘట్టాల మీద మీ జబ్బుకు మోజు ఎక్కువ. మామూలు రోజున, అమ్మ ఇంట్లో లేని వేళ కూర్చోబెట్టి, ఆ రోజు ఏం చేశారో మీ నోటితో చెప్పండి. “నాకు జబ్బు ఉంది కాబట్టి” అని మొదలుపెట్టవద్దు. జబ్బు ప్రస్తావన ఆమె అడిగితే తీసుకురండి. గుమ్మంలో కాపలా కూర్చున్న రాత్రులు తనకెలా గడిచాయో అడిగి, మధ్యలో అడ్డుపడకుండా వినండి. డీబీటీలో నేర్పే నాలుగు పాఠాల్లో ఒకటి మనుషులతో మెలగడం, మరొకటి ఓర్వలేని బాధను ఓర్చుకోవడం. ఆ గంటలో రెండూ కావలసివస్తాయి. ఆమె క్షమించకుండా లేచి వెళ్లిపోవచ్చు. అప్పుడు ‘నన్ను వదిలేసింది’ అన్న పాత భయం మీద పడుతుంది కాబట్టి ముందే మీ థెరపిస్టుతో ఆ సందర్భాన్ని మాట్లాడి పెట్టుకోండి. ఆ రాత్రి మనసు అదుపు తప్పుతున్నట్టు అనిపిస్తే ప్రభుత్వ మానసిక సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఏ వేళనైనా తెలుగులో మాట్లాడేవారు ఉంటారు.

ఇక మీ నాయిన, అమ్మ. ఈ జబ్బున్నవారిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాల్లో ఎక్కువమంది లక్షణాలు పదేళ్లలోపు బాగా తగ్గాయి. ఈ మాట మీ నాయిన డాక్టరు నోట వినాలి, ఒకసారి వెంట తీసుకువెళ్లండి. దర్గాకు తీసుకుపోయినందుకు అమ్మను ఎత్తిపొడవకండి, అప్పుడు ఆమెకు తెలిసిన తోవ అది. థైరాయిడ్ అబద్ధాన్ని మాత్రం మీ నోటితో అనకండి. ఎవరైనా అడిగితే “చికిత్స తీసుకుంటున్నాను, నయంగా ఉంది” అంటే చాలు.

కోదాడ వాళ్లకు ఏం చెప్పాలన్నది మీ నాయిన, మీరు తేల్చుకునే విషయం కాదు. ఆ ఇంటికి కోడలిగా వెళ్లేది చెల్లెలు. అక్క జబ్బు సంగతి తెలిసి వెనక్కి పోయే ఇంటికి వెళ్లాలా వద్దా అన్నది ఆమె ఆలోచించుకుంటుంది. ఆమెను ఇంతవరకు ఎవరూ అడగలేదని మీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. “పెండ్లయ్యాక మాట్లాడు అక్కా” అని ఆమె అంటే ఈ అక్టోబరు మానుకోండి, కాలేజీవారు వచ్చే ఏడాది కూడా పిలుస్తారు. “మాట్లాడు” అంటే, ఆ మాట నాయినకు మీరు చెప్పకండి, ఆమెనే చెప్పమనండి.