టెక్ సందేహాలు: పేజీకి తాళం వేశారు సరే, ఫొటోలకో?

ప్రశ్న: నాన్నగారి షష్టిపూర్తి, మా పాప అన్నప్రాశన ఫొటోలు అమెరికాలో ఉన్న అన్నయ్యవాళ్లు చూసుకుంటారని వర్డ్‌ప్రెస్‌తో సొంత సైటు పెట్టాను. పేజీకి పాస్‌వర్డ్ కూడా ఉంది. నాలుగు రోజులుగా బ్రౌజర్‌లో 'నాట్ సెక్యూర్' అని వస్తోంది. హ్యాక్ అయిందా?

జవాబు: చాలావరకు కాదు. సైటుకు కనెక్షన్ సురక్షితమని బ్రౌజర్‌కు చూపించే సర్టిఫికెట్ గడువు అయిపోయి ఉంటుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చేది 90 రోజులకు మించి పనిచేయదు. దానంతటదే రెన్యూ కావాలి, మీకెక్కడో ఆగింది. మీ సైటును ఉంచిన కంపెనీ ఇచ్చే హోస్టింగ్ ప్యానెల్లో మళ్లీ తీసుకోండి, సరిపోతుంది.

నా టెన్షన్ మీరు అడగని దాని గురించి. ఈ మధ్య ఇలాంటి సైట్ల ఉత్తరాలు చాలా వస్తున్నాయి, అందరూ ఆ పాస్‌వర్డ్‌నే నమ్ముకుంటున్నారు. అది పేజీని మాత్రమే దాస్తుంది. ఫొటోలు వేరే ఫోల్డర్‌లో ఉంటాయి, వాటికి ఏ తాళమూ లేదు. ఒక ఫొటో అడ్రస్ కాపీ చేసి, ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూడండి. పాస్‌వర్డ్ అడగదు. ఆ అడ్రస్‌లో చివరి ఫైలు పేరు చెరిపేసి ఎంటర్ కొట్టండి. మీ ఖర్మ బాగోకపోతే ఆ నెలలో ఎక్కించిన ఫొటోలన్నీ వరసగా కనిపిస్తాయి. నా సొంత సైటులోనే ఈ కన్నం రెండేళ్లు ఉంది, కాబట్టి మిమ్మల్ని తిట్టే హక్కు నాకు లేదు.

ఆ ఫోల్డర్ పేరు రోబోట్స్ ఫైలులో, అంటే 'ఇక్కడికి రావద్దు' అని గూగుల్ లాంటి సెర్చ్ ఇంజన్లకు చెప్పే ఫైలులో, రాస్తే చాలని కొందరు సలహా ఇస్తారు. అది గేటుకు తగిలించే బోర్డు, తాళం కాదు. పైగా ఎక్కడ వెతకాలో మనమే చెప్పినట్టు. ప్యానెల్లో 'డైరెక్టరీ ప్రైవసీ' అని ఉంటే మొత్తం సైటు ఫోల్డర్‌కే పాస్‌వర్డ్ పెట్టండి. అప్పుడు ఫొటోలు కూడా లోపలే ఉంటాయి.

ఇంకోటి. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఒరిజినల్ ఫైలులో మీ ఇంటి అక్షాంశ రేఖాంశాలు కూడా ఉంటాయి. వర్డ్‌ప్రెస్ పెద్ద ఫొటోను 2560 పిక్సెళ్లకు కుదించి చూపిస్తుంది కానీ ఒరిజినల్‌ను పారేయదు. ఎక్కించే ముందే లొకేషన్ తీసేయండి. అసలు ఫోన్ కొనగానే మొదటి ఫొటోకే 'లొకేషన్ ఇవ్వనా' అని అడిగి, మనం ఏదో ఒకటి నొక్కేశాక జన్మలో మళ్లీ అడగని ఈ కెమెరా యాప్‌లంటే నాకు ఒళ్లు మంట. పెళ్లి భోజనాల్లో వడ్డించేవాడు కూడా రెండోసారి అడుగుతాడు.

ఇక ఫొటోల కింద రాతలు. షష్టిపూర్తి తేదీ రాస్తే నాన్నగారి పుట్టిన సంవత్సరం చెప్పేసినట్టే. డౌన్‌లోడ్ చేసుకున్న ఈ-ఆధార్ పీడీఎఫ్ తెరవడానికి కావాల్సింది పేరులో మొదటి నాలుగు ఇంగ్లిషు పెద్ద అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతే. ఆ పీడీఎఫ్‌ను మనం జిరాక్స్ షాపుకు మెయిల్ చేసి ప్రింట్ తీయించుకుంటాం, అక్కడి కంప్యూటర్లో అది అలాగే పడి ఉంటుంది. కొన్ని బ్యాంకుల స్టేట్‌మెంట్లు కూడా పుట్టిన తేదీతోనే తెరుచుకుంటాయి. ఇలాంటి పాస్‌వర్డ్‌లు కనిపెట్టినవాళ్లకు ఓ దండం.

పాప ఫొటో కింద తేదీ, పుట్టిన సమయం, నక్షత్రం రాసి ఉంటే ఈ రాత్రికే తీసేయండి. జాతకానికి కావాలంటే అన్నయ్య ఫోన్ చేసి అడుగుతాడు.