నాచు కణాన్ని స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో పెట్టే ముందు గాలికి ఆరబెడితే సరిపోదా?

సరిపోదు, గాలికి ఆరితే మెత్తటి కణం నలిగి ముద్దవుతుంది, అందుకే అందులోని నీటిని ఆల్కహాల్‌తో, ఆల్కహాల్‌ను ద్రవ కార్బన్ డయాక్సైడ్‌తో మార్చి ఆరబెడతారు.

మైక్రోస్కోప్ లోపల శూన్యం ఉంటుంది కాబట్టి మామూలుగా తడి నమూనా పనికిరాదు. చిక్కంతా నీటి తలతన్యతతో. కుంచెను నీళ్లలో ముంచి తీస్తే వెంట్రుకలన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి కదా, ఆరే నీరు కణాన్నీ అలాగే లాగేస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌ను సుమారు 31 డిగ్రీలు, 73 అట్మాస్ఫియర్ల పీడనం దాటిస్తే ద్రవం, వాయువు అన్న తేడాయే పోతుంది. ఉపరితలమే లేనప్పుడు ఇక లాగేదేముంది? నీటితోనే ఈ పని చేయాలంటే 374 డిగ్రీలు దాటాలి, కణం ఉడికిపోతుంది.

క్లామిడోమోనాస్ అనే ఏకకణ నాచునే తీసుకోండి. దాదాపు 10 మైక్రోమీటర్ల కణం, ముందువైపు సన్నటి కొరడాల్లాంటి రెండు కశాభాలు. ముందు గ్లుటరాల్డిహైడ్ అనే రసాయనంతో దాని ఆకారాన్ని గట్టిపరుస్తారు. తర్వాత 30, 50, 70, 90, 100 శాతం ఆల్కహాల్‌లో వరుసగా ఉంచుతారు; తొందరపడి నేరుగా 100కి వెళ్తే కణం ముడుచుకుపోతుంది. ఆరాక పైన బంగారం పలుచటి పూత వేస్తారు.

శూన్యమే కణాన్ని నలిపేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి గాలికి ఆరబెట్టిన కణం ఆకారం అంతకుముందే, ఆరేటప్పుడే పోతుంది. బంగారు పూత కూడా ఆకారాన్ని కాపాడదు, విద్యుదావేశం పేరుకోకుండా చూస్తుందంతే. డయాటమ్ అనే మరో రకం నాచు పెంకులు మాత్రం, శుభ్రం చేశాక, గాలికి ఆరినా చాలావరకు నిలుస్తాయి, అవి గాజులాంటి గట్టి సిలికావి మరి.