రక్తనాళాల జబ్బులపై ఆర్‌ఎన్‌ఏ పరిశోధన: ఏ దారిలో వెళ్లాలి?

ప్రశ్న: బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. నాన్నగారికి గుండె రక్తనాళాల్లో పూడికలు వచ్చి స్టెంట్లు వేశారు. అప్పటి నుంచి ఈ జబ్బులో నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏల పాత్రపై పరిశోధన చేయాలని ఉంది. ఈ రంగానికి భవిష్యత్తు ఉందా? ఏం చదవాలి?

జవాబు: భవిష్యత్తు తప్పకుండా ఉంది. మన జన్యుపదార్థంలో ప్రొటీన్ల తయారీకి సంకేతాలిచ్చే భాగం సుమారు 2 శాతమే. మిగతా భాగం నుంచి వెలువడే ఆర్‌ఎన్‌ఏలలో (డీఎన్‌ఏ నుంచి తయారయ్యే నకలు అణువులలో) కొన్ని ప్రొటీన్లుగా మారకుండానే ఇతర జన్యువుల పనిని అదుపు చేస్తాయి; మీరడిగిన నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలు ఇవే. వాటిలో ఒక రకమైన మైక్రో ఆర్‌ఎన్‌ఏలను 1993లో వెలుగులోకి తెచ్చిన విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్‌లకు 2024లో నోబెల్ బహుమతి లభించింది. రక్తనాళం లోపలి పొర కణాల్లో సమృద్ధిగా ఉండే మైక్రో ఆర్‌ఎన్‌ఏ-126, తెల్లరక్తకణాలను గోడకు అతుక్కునేలా చేసే వీక్యామ్-1 ప్రొటీన్ తయారీని తగ్గిస్తుంది. పూడికకు తొలి మెట్లలో ఆ అతుక్కోవడం ఒకటి కనుక, దీనిపై ఇంత ఆసక్తి ఉండటం సహజం. చిన్న ఆర్‌ఎన్‌ఏతోనే పనిచేసే ఇంక్లిసిరాన్ అనే ఇంజెక్షన్, మొదటి రెండు మోతాదుల తర్వాత ఆరు నెలలకోసారి ఇస్తే చెడు కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది. దానికి 2020లో ఐరోపాలో, 2021లో అమెరికాలో అనుమతి లభించింది.

అయితే ఒక విషయంలో మీరు జాగ్రత్తగా ఉండాలి. రోగుల రక్తంలో ఫలానా ఆర్‌ఎన్‌ఏ పెరిగిందనో తగ్గిందనో చెప్పి ఆగిపోయే పరిశోధన పత్రాలు కోకొల్లలు. నమూనా తీసేటప్పుడు ఎర్రరక్తకణాలు పగిలి ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) కాస్త ఎర్రబడినా, వాటిలో దండిగా ఉండే మైక్రో ఆర్‌ఎన్‌ఏ-451 విలువ పెరిగిపోతుంది. అది చూసుకోని వారు జబ్బు జాడ దొరికిందని పొరబడతారు. అందుకే జబ్బుకు కారణమైనదేదో, జబ్బు వల్ల వచ్చిన మార్పేదో తేల్చగల కణజీవశాస్త్రం, గణాంకశాస్త్రం, ఆర్ ప్రోగ్రామింగ్ (గణాంక విశ్లేషణకు వాడే కంప్యూటర్ భాష) మీకు ముఖ్యం. ఆర్‌ఎన్‌ఏ పేరుతో ఉన్న స్పెషలైజేషన్ కోసం ఇప్పుడే వెతకనక్కర్లేదు.

ఎమ్మెస్సీ లైఫ్ సైన్సెస్ లేదా బయోటెక్నాలజీలో చేరండి. డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం) సాయంతో నడిచే కోర్సులకు గ్యాట్-బి, ఐఐటీలకు జామ్ ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ తర్వాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధనకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) సాధిస్తే హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ), హైదరాబాద్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల పీహెచ్‌డీకి ప్రయత్నించవచ్చు. 2023 నుంచి జేఆర్ఎఫ్ మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000. ఎమ్మెస్సీతో కలిపి దాదాపు ఏడేళ్ల ప్రయాణమని, ఆ తర్వాత కూడా స్థిరమైన ఉద్యోగానికి పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన) అవసరం కావచ్చని ఇంట్లో ముందే చెప్పండి; చికిత్స ఖర్చు పడిన ఇంట్లో ఆ స్పష్టత చాలా అవసరం.

ల్యాబ్ ఎంచుకునేటప్పుడు, అక్కడ రక్తనాళ కణాలను పెంచి, వాటిలో ఒక ఆర్‌ఎన్‌ఏ పనిని ఆపి, లేదా దాని మోతాదును పెంచి, ఫలితం చూసే ప్రయోగాలు జరుగుతున్నాయా అని ఆ గైడ్ దగ్గరున్న పీహెచ్‌డీ విద్యార్థులనే అడగండి.