‘ఆడ మెదడు’ అనవచ్చా?

సందేహం: ఒక ఆరోగ్య వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ‘స్వలింగ సంపర్కులైన మగవాళ్లది ఆడ మెదడు’ అని రాస్తే మా ఎడిటర్ గారు బాగుందన్నారు. నాకే ఎక్కడో తేడా కొడుతోంది. ఈ వాడుక సరైనదేనా?
– ఒక అనువాదకురాలు, చిక్కడపల్లి, హైదరాబాద్

సమాధానం: మీ అనుమానం నిజమేనమ్మా. ‘స్త్రీ మెదడు’ అంటే స్త్రీ యొక్క మెదడు, షష్ఠీ తత్పురుష. అది ఎవరిదో చెప్పి ఊరుకుంటుంది. ‘ఆడదూడ’లో మాత్రం ‘ఆడ’ విశేషణం, ఆ దూడే ఆడది. ‘ఆడ మెదడు’ అన్నా అంతే, మెదడే ఆడదైపోతుంది. మెదళ్లలో ఆడవీ మగవీ అని రెండు జాతులున్నాయని సైన్స్ చెప్పలేదు.

ఈ మాట ఇంతగా పాకడానికి 1991లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన మెదడు శాస్త్రవేత్త సైమన్ లెవే పరిశోధన ఒక ముఖ్య కారణం. చనిపోయిన 41 మంది మెదళ్లు తీసుకుని, హైపోథలామస్ అనే మెదడు అడుగు భాగంలోని ఒక చిన్న కణాల గుంపును ఆయన కొలిచారు. గే పురుషుల్లో అది మిగతా మగవాళ్లలో కన్నా చిన్నగా, ఇంచుమించు ఆడవాళ్లలో ఉన్నంతే ఉంది. అయితే ఆ గే పురుషులందరూ ఎయిడ్స్‌తో పోయినవాళ్లు, కాబట్టి తేడాలో ఆ జబ్బు ప్రభావం ఉందేమోనన్న సందేహం ఉంది. పైగా ఆ తేడా కారణమో, ఫలితమో దీన్నిబట్టి తేలదని లెవేయే ఒప్పుకున్నారు. 2015లో డాఫ్నా జోయెల్ అనే మెదడు శాస్త్రవేత్త బృందం 1,400కు పైగా మెదడు స్కాన్లు పరిశీలించింది. ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించే లక్షణాలు, మగవాళ్లలో ఎక్కువగా కనిపించేవి చాలామందిలో కలగలిసే ఉన్నాయి.

ఇవన్నీ సగటు లెక్కలు. మగవాళ్లు సగటున ఆడవాళ్ల కన్నా పొడుగే, అయినా పొడుగాటి అమ్మాయిది ‘మగ ఎత్తు’ అనం కదా! మీ వాక్యాన్ని ఇలా మార్చండి: ‘మెదడులోని కొన్ని భాగాల కొలతల్లో గే పురుషుల సగటు, ఆడవాళ్ల సగటుకు దగ్గరగా ఉన్నట్టు కొన్ని అధ్యయనాల్లో కనిపించింది.’ వాక్యం పొడుగైంది, నిజమే. ఎడిటర్ గారు కత్తిరిస్తానన్నా ‘కొన్ని’, ‘సగటు’ పోనివ్వకండి.

‘స్వలింగ సంపర్కులు’ కూడా నాకు నచ్చని మాట. సంపర్కం అంటే కలయిక, అంటే ఒక పని. స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన ఐపీసీ సెక్షన్ 377 శిక్ష వేసింది పనికే కాబట్టి, పెద్దలు ఇష్టపడి కలవడం నేరం కాదన్న 2018 సెప్టెంబర్ 6 నాటి సుప్రీంకోర్టు తీర్పు గురించి రాసేటప్పుడు ఆ మాట పొసుగుతుంది. మీ వ్యాసం మనసు ఎటు మొగ్గుతుందన్న దాని గురించి. ఎవరి చెయ్యీ పట్టుకోని మనిషికి కూడా తన మనసు ఎటు లాగుతోందో తెలుస్తుంది. అందుకని ‘లైంగిక ధోరణి’ అనండి. మనుషుల్ని చెప్పాల్సి వస్తే గే, లెస్బియన్ అనే రాయండి, వాళ్లు తమను చెప్పుకునే మాటలు అవే.

ఇంకొక్క సంగతి. ‘ఆడ మెదడు’ అనగానే చదివేవాళ్లు గేలనూ ట్రాన్స్‌జెండర్లనూ ఒకే గాటన కట్టేస్తారు. మన హైదరాబాద్‌లోనే నిజాం కాలం నాటి చట్టం ఒకటి (అప్పటి ఫస్లీ లెక్కలో 1329, అంటే 1919 ప్రాంతం) ఆ పనే చేసింది. ‘అసహజ నేరాల’ (మగవాళ్ల మధ్య సంపర్కం వంటివాటి) అనుమానంతో కొందరి పేర్లు రిజిస్టరుకెక్కించి, వాళ్లు ఆడబట్టలతో వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా పట్టుకోవచ్చంది. తెలంగాణ హైకోర్టు 2023లో దాన్ని కొట్టేసేదాకా అది పుస్తకాల్లోనే ఉంది! ఎవరిని ఇష్టపడతామన్నది ఒకటి, మనల్ని మనం ఎవరమనుకుంటామన్నది ఇంకొకటి. వ్యాసంలో గే పురుషుడి గురించి ‘అతను వచ్చాడు’ అనే రాయండి, ట్రాన్స్ మహిళ అయితే ‘ఆమె వచ్చింది’ అనండి.