పాత కారు ఏసీ ప్యానెల్ బటన్లు: గుర్తులు పోతే, బంకగా మారితే, నొక్కినా పలకకపోతే

మీ కారు ఏసీ ప్యానెల్ బటన్లు, స్టీరింగ్ బటన్లు ఎలా బాగుచేసుకోవాలని అడిగారు. మీరు చెప్పినదాన్ని బట్టి కారు 2009 మోడల్, విజయవాడలో రోజంతా ఎండలోనే పార్కింగ్. ఫ్యాన్ బటన్ల మీద గుర్తులు కనిపించడం లేదు, చుట్టూ ఉన్న నల్లటి పొర వేలికి బంకలా అంటుకుంటోంది, లోపలి గాలినే తిప్పే బటన్ నాలుగుసార్లు నొక్కితే గానీ పలకడం లేదు. మొదటి రెండూ పెయింటు జబ్బులు, మూడోది కరెంటు జబ్బు. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే ఉన్నది కూడా పోతుంది.

గుడ్డ చేత పట్టుకునే ముందు రాత్రిపూట హెడ్‌లైట్లు వేసి బటన్లు చూడండి. గుర్తు వెలుగుతుందంటే ఆ బటన్ అసలు తెల్లటి ప్లాస్టిక్, పైన నల్ల పెయింటు, ఆ నలుపులోంచి గుర్తు ఆకారంలో లేజర్‌తో పెయింటు తీసేశారు. అంటే గుర్తు అక్కడ రాసింది కాదు, ఖాళీ. వేలి రాపిడికి నలుపు అంచులు అరిగి ఆ ఖాళీ పెద్దదవుతుంది, చివరికి బటన్ మొత్తం వెలుగుతుంది. మనం గుర్తు పోయిందంటాం గానీ, పోయింది దాని చుట్టూ ఉన్న నలుపు. అందుకే తెల్ల పెయింటుతో గుర్తు మళ్లీ గీద్దామనే ఆలోచన ఇక్కడ పనిచేయదు.

గుర్తు వెలగకుండా, గోటితో తడిమితే గుంటలా తగిలితే మీ అదృష్టం. తెల్ల ఎనామెల్ చుక్క టూత్‌పిక్‌తో గుంటలో నింపి, ఐదు నిమిషాలాగి, అట్టముక్కకు బిగుతుగా చుట్టిన గుడ్డతో పైపైన తుడిస్తే గుంటలోది మిగిలి పైది పోతుంది. మెత్తటి గుడ్డ వేలికి చుట్టి తుడిస్తే గుంటలోది కూడా లేచి వస్తుంది. అంతే పని.

ఇక బంక సంగతి. చేతికి మెత్తగా తగలాలని ప్యానెళ్ల మీద వేసే పాలీయురేథేన్ పొర గాలిలోని తేమకి, వేడికి రసాయనికంగా విరిగిపోయి జిగురవుతుంది. అద్దాలెత్తిన కారు, రోళ్లు పగిలే రోహిణి కార్తె, ఆ వెంటనే వానాకాలపు ఉక్క. మన కృష్ణా తీరంలో ఈ పొరకి ఇంతకంటే శత్రువులక్కర్లేదు. శానిటైజర్ చేతులతో బటన్లు నొక్కే అలవాటుంటే అందులోని ఆల్కహాల్ దీన్ని ఇంకా తొందరగా తినేస్తుంది. చెడిన పొరకి మరమ్మతు లేదు, తీసేయడమే.

తీయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. మొబైల్ రిపేరు వాళ్లు బోర్డులు కడగడానికి వాడేదే, ఐపీఏ అని అడిగితే ఇస్తారు. మైక్రోఫైబర్ గుడ్డని దానితో తడిపి బంక మీద ఒకటి రెండు నిమిషాలు పరిచి ఉంచండి. తర్వాత పాత ఏటీఎం కార్డు అంచుతో నెడితే ఉండలు కట్టుకుంటూ వస్తుంది. గుడ్డ నల్లబడగానే మార్చేయాలి, లేకపోతే తీసిన బంకనే మళ్లీ పూసినట్టవుతుంది. పెట్రోలు, పెయింటులో కలిపే ఎన్‌సీ థిన్నర్, గోళ్ల రంగు తుడిచే ద్రవం, ఈ మూడూ దగ్గరికి రానివ్వొద్దు. ఆ ద్రవంలో ఎక్కువగా ఉండే అసిటోన్ ఏబీఎస్ అనే రకం ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది, పాలీకార్బొనేట్ అనే ఇంకో రకాన్ని సన్న పగుళ్లతో తెల్లబరుస్తుంది. టైము, టెంపరేచరు కనిపించే కిటికీ అక్రిలిక్ అయితే ఐపీఏకి కూడా వెంట్రుక పగుళ్లు వస్తాయి, దాని మీద ముందే టేపు వేయండి. వెలిగే బటన్ మీద నలుపు కూడా బంకే అయితే, తుడిస్తే తెల్ల బటన్ చేతికొస్తుందని తెలిసే తుడవండి.

పనంతా ప్యానెల్ ఊడదీసే చేయాలి, కారులోనే కూర్చుని చేస్తే ద్రవం లోపలికి కారుతుంది. బ్యాటరీ నెగటివ్ తీసి, ప్లాస్టిక్ పట్టీతో లాకుల దగ్గర నెమ్మదిగా ఎత్తండి, స్క్రూడ్రైవర్ వద్దు. పదిహేనేళ్లు ఎండిన లాకులు పుల్లల్లా విరుగుతాయి. హెయిర్ డ్రయర్‌తో కాసేపు వేడి తగిలిస్తే కొంచెం సాగుతాయి.

తెల్లబడిన బటన్లకి రెండు దారులు. మొదటిది స్టిక్కర్. నలుపు మీద పారదర్శకంగా గుర్తు కోసిన వినైల్ బటన్ పైముఖానికే అంటుతుంది, పక్కలనుంచి వెలుగు కారుతూనే ఉంటుంది. కాబట్టి ముందు పక్కలకి నలుపు వేయాలి. మూలలు గుండ్రంగా కోయించండి, చదరపు మూల వేసవిలో అందరికంటే ముందు లేస్తుంది. పనికానిచ్చేయాలంటే ఇది చాలు. నేనైతే రెండోదే చెప్తాను: మొత్తం నలుపు మళ్లీ వేసి, లేజర్‌తో గుర్తు తీయించడం.

దీనికి మొదటి పని పెయింటు కాదు, ఫొటో. గుర్తులు ఎంతోకొంత కనిపిస్తున్నప్పుడే బటన్లని స్కానర్ మీద బోర్లించి 600 డీపీఐలో స్కాన్ చేయించండి, పక్కన స్కేలు కూడా పెట్టండి. స్టిక్కర్ షాపు కుర్రాడు కంప్యూటర్‌లో కోరల్‌డ్రా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌తో గీతలు గీసిస్తాడు. బటన్ మీద గుర్తు ఎన్ని మిల్లీమీటర్ల పక్కకి ఉందో కూడా రాసుకోండి, అన్నీ మధ్యలో ఉండవు. తర్వాత బటన్లు విడదీసి, డాష్‌బోర్డ్ పాలిష్ జిడ్డు పూర్తిగా పోయేదాకా గిన్నెల సబ్బుతో కడిగి, ఆరాక ఐపీఏతో తుడవాలి. సిలికాన్ జిడ్డు రవ్వంత మిగిలినా పెయింటు చేప కళ్లలా గుంటలు పడుతుంది. 1000 నంబరు వాటర్ పేపర్‌తో మెరుపు పోయేంత వరకే రుద్దండి. ప్లాస్టిక్‌కి పెయింటు పట్టడానికి వేసే పారదర్శక ప్రైమర్ ఒక పలుచటి పూత, ఆపైన శాటిన్ బ్లాక్ (కొద్దిపాటి మెరుపున్న నలుపు) రెండు పూతలు, మధ్యలో 10 నిమిషాలు. వెనకనుంచి ఫోన్ టార్చి పెట్టి చూస్తే సూదిమొనంత రంధ్రాలు కనిపిస్తాయి, కనిపిస్తేనే మూడో పూత.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. బటన్‌కి, ఫ్రేముకి మధ్య సందు మిల్లీమీటరులో చిన్న భాగమే. పక్కలకి నాలుగు పూతలు కొడితే బటన్ లోపలికి వెళ్లి అక్కడే ఇరుక్కుంటుంది, ఫ్యాన్ తనంతట తనే తిరుగుతుంది. పైముఖానికి పూర్తిగా, పక్కలకి ఒక్క పూత, కింద జారే కాళ్లకి అసలు వద్దు, టేపు వేయండి. జల్లు పడిన రోజు స్ప్రే చేయకండి, తేమ పట్టి నలుపు బూడిదరంగులోకి పాలిపోతుంది. పొద్దున పది గంటలకి, నీడలో చేసుకోండి.

లేజర్‌కి వెళ్లినప్పుడు ఏ మెషీన్ అని అడగండి. అక్రిలిక్ కోసే సీఓ2 మెషీన్ పెయింటుతో పాటు కింది ప్లాస్టిక్‌ని కూడా కాల్చి గోధుమరంగు చేస్తుంది. పెన్నుల మీద, మెటల్ కీచైన్ల మీద పేర్లు చెక్కే ఫైబర్ మెషీన్ కావాలి. దాని కిరణం తెల్ల ప్లాస్టిక్‌కి పెద్దగా అంటదు, నలుపు మాత్రం పీల్చుకుని ఎగిరిపోతుంది. తక్కువ పవర్‌తో రెండు మూడు సార్లు తిప్పమనండి. మొదట మీ బటన్ కాదు, అదే పెయింటు వేసిన తెల్ల ప్లాస్టిక్ ముక్క ఇవ్వండి. గుర్తు వచ్చాక మ్యాట్ 2కే క్లియర్ రెండు పలుచటి పూతలు వేయాలి. ఇది మెరుపు లేని పారదర్శక పూత, గట్టిపడడానికి హార్డెనర్ కలిపేది. అది వేయకపోతే ఆరు నెలల్లో మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతారు. హార్డెనర్‌లో ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి, ముక్కుకి గుడ్డ కట్టుకుంటే ఆగవు. ఆ ఒక్క పనీ మన విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో పెయింటింగ్ షెడ్డు వాళ్ల చేత వేయించుకోవడం మేలు. ఒక రోజు ఆరాక బిగించవచ్చు, వారం దాకా గోరు తగలనివ్వొద్దు.

ఇప్పుడు పలకని బటన్. దాని కింద రెండు రకాల్లో ఒకటి ఉంటుంది. రబ్బరు షీటు, దాని అడుగున నల్ల కార్బన్ బిళ్ల ఉంటే, మల్టీమీటర్ రెండు ముళ్లూ బిళ్ల మీద పెట్టి చూడండి. కరెంటుకి అడ్డు (రెసిస్టెన్స్) వందల ఓమ్‌లలో ఉంటే బిళ్ల బాగానే ఉంది, బోర్డు మీద మురికే తప్పు. ఐపీఏ అద్దిన ఇయర్ బడ్‌తో రెండింటినీ మెత్తగా తుడవండి. గట్టిగా రుద్దితే కార్బనే బడ్‌కి అంటి వచ్చేస్తుంది. వేల ఓమ్‌లు చూపిస్తే కీప్యాడ్ రిపేరు కండక్టివ్ పెయింటు పలుచగా పూసి ఒక రోజు ఆరనివ్వాలి. బిళ్ల మీద పెన్సిల్ రుద్దే చిట్కా ఎక్కువ రోజులు నిలవదు.

టిక్కుమనే చిన్న చదరపు స్విచ్ అయితే తుడవడం దండగ, మార్చేయండి. ఎక్కువగా 6×6 మి.మీ. సైజే ఉంటుంది, కానీ ఎత్తు 4.3, 5, 7 ఇలా రకరకాలు. పాతది కొలవకుండా కొంటే, పొట్టిది బటన్‌కి అందదు, పొడుగుది ఎప్పుడూ నొక్కుకునే ఉంటుంది. నాలుగు కాళ్లలో రెండేసి లోపలే కలిసి ఉంటాయి, ఏవేవి కలిసి ఉన్నాయో మీటర్ బీప్‌తో చూసుకుని అదే దిశలో పెట్టండి. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, 60/40 సోల్డరింగ్ సీసం, పాత సీసం పీల్చే రాగి జడ చాలు. ఒక్కో కాలి మీద మూడు సెకన్లు మించితే బోర్డు మీది రాగి గీత లేచిపోతుంది. ఒకటి పోయిందంటే పక్కవి కూడా అంతే వయసువి, అన్నీ మార్చేయండి.

స్టీరింగ్ బటన్ల గురించి కూడా అడిగారు. చాలా కార్లలో అవన్నీ ఒకే తీగ మీద ఉంటాయి, ఒక్కో బటన్ ఒక్కో రెసిస్టెన్స్ చూపిస్తుంది. మురికి పట్టి రెసిస్టెన్స్ పెరిగితే వాల్యూమ్ నొక్కినా పాట మారుతుంది, స్టీరియో తప్పు కాదు. అయితే అక్కడ ఎయిర్‌బ్యాగ్ ఉంది. బ్యాటరీ తీశాక కారు మాన్యువల్ చెప్పినంత సేపు, పది నిమిషాలకి తక్కువ కాకుండా ఆగాలి. ఎయిర్‌బ్యాగ్‌కి వెళ్లే పసుపు కనెక్టర్ల మీద మల్టీమీటర్ పెట్టొద్దు. ధైర్యం చాలకపోతే అది ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ ప్యానెల్ కొందామనుకుంటే వెనక పార్ట్ నంబరు, సాకెట్ పిన్నుల లెక్క సరిచూడండి. ముఖం ఒకటే అయినా వేరియంట్‌ని బట్టి లోపల మారుతుంది. అది కూడా అదే వయసుదని మర్చిపోకండి.

ప్యానెల్ లాకులు నొక్కేసే ముందే సాకెట్ తగిలించి, బ్యాటరీ కలిపి, పార్కింగ్ లైట్లు వేసి చూడండి. ఏ బల్బు మాడిపోయినా ఇప్పుడే మార్చండి. ఎల్‌ఈడీ వేస్తే వెలగకపోవచ్చు, తిప్పి పెట్టండి, వెలుగుతుంది. ప్రతి బటన్‌నీ మధ్యలో ఒకసారి, నాలుగు మూలల్లో ఒక్కోసారి నొక్కండి. ఏ మూల నొక్కినప్పుడు పైకి రావడం బద్ధకిస్తుందో ఆ పక్కన పెయింటు మందమైందన్నమాట, అక్కడ 2000 నంబరు పేపర్‌తో రెండు రుద్దులు రుద్ది అప్పుడు బిగించండి.