సాక్ష్యం చెప్పబోతున్న మనవరాలికి

చిరంజీవి మనవరాలికి అమ్మమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ప్రభువైన యేసుక్రీస్తు నామమున నీకు శుభములు. వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక గుడిలో నిలబడి నీ స్వస్థత గురించి సాక్ష్యం చెప్పాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మెదడు పొరలకు టీబీ సోకి, మంచం పక్కన కూర్చున్న నన్నే ఎవరని అడిగిన పిల్లవు, ఇప్పుడు నలుగురి ముందు నిలబడి దేవుణ్ణి స్తుతించబోతున్నావంటే నాకు కన్నీళ్ళు ఆగలేదు. ఆ సంతోషంతో పాటే ఒక పాత భయం కూడా వచ్చి మనసులో కూర్చుంది.

చిన్న సంగతులు ముందు చెబుతాను. అయ్యగారికి ముందే చెప్పి అనుమతి తీసుకో. చెప్పదలచుకున్నది కాగితం మీద రాసుకో. పది నిమిషాలు దాటనివ్వకు. ఆసుపత్రికి ఎంత ఖర్చయిందో గుడిలో చెప్పనక్కరలేదు.

ఇక అసలు సంగతి. మీ తాతయ్యకు ఊపిరితిత్తుల క్షయ వచ్చిందని నీకు తెలుసు, కానీ ఆ తర్వాత జరిగినది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు. దగ్గితే రక్తం పడే స్థితిలో సంఘమంతా ఆయన కోసం ఉపవాసముండి ప్రార్థించింది, పెద్దలు ఇంటికి వచ్చి నూనె రాసి ప్రార్థన చేశారు. ఆయన కోలుకున్నారు. కృతజ్ఞత కూడికలో నిలబడి, "మందూ కాదు, మనిషీ కాదు, ప్రభువే నన్ను ముట్టి బాగుచేశాడు" అన్నారు. గుడి అంతా స్తోత్రం చెప్పింది. సర్కారు ఆసుపత్రి మాత్రలు కోర్సు పూర్తయ్యేదాకా ఒక్క పూట కూడా మానకుండా వేసుకున్న మనిషి ఆయన. నేనే దగ్గరుండి మింగించాను. ఆ మాట చెబితే దేవునికి చెందవలసిన మహిమ తగ్గిపోతుందేమోనని, భక్తితోనే, దాన్ని వదిలేశారు.

ఆ రోజు వెనక చాప మీద అదే జబ్బుతో మందులు వాడుతున్న ఒక తల్లి కూర్చుని ఉంది. అప్పటికే ఆమెకు దగ్గు తగ్గింది, ఒళ్ళు కాస్త తేరుకుంది. ఆయనకున్న విశ్వాసం నాకు మాత్రం లేదా అనుకుని, ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేసింది. కొన్నాళ్ళకు దగ్గు తిరగబెట్టింది. మళ్ళీ అవే మందులు మొదలుపెడితే ఈసారి పనిచేయలేదు. పసిపిల్లలను వదిలి ఆమె వెళ్ళిపోయిన తర్వాత ఇనప్పెట్టె తెరిస్తే, చీరల మడతల అడుగున, మింగని మాత్రల పొట్లాలు వరసగా పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. వాళ్ళింట్లో ఎవరూ మీ తాతయ్యను పల్లెత్తు మాట అనలేదు. అయినా ఆయన చాలా రాత్రులు నిద్రపోలేదు. ఆ తర్వాత ఎక్కడ సాక్ష్యం చెప్పమన్నా, బైబిలులో యెషయా 38వ అధ్యాయం దగ్గర పెట్టుకున్న ఆసుపత్రి కార్డు తీసి, మందులు మొదలుపెట్టిన తేదీ, పూర్తయిన తేదీ చదివాకే స్తోత్రం చెప్పేవారు. హిజ్కియా రాజు జబ్బుపడి కన్నీళ్ళతో ప్రార్థిస్తే దేవుడు ఆయనకు 15 సంవత్సరాల ఆయుష్షు కలిపాడు. ఆ అధ్యాయంలోనే ఆ రాజు పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమని యెషయా ప్రవక్త చెప్పాడు కదా.

కాబట్టి తల్లీ, నీ ప్రార్థనకు జవాబు ఏ దారిన వచ్చిందో దాచకుండా చెప్పు. మొదట చూసినవాళ్ళు మామూలు తలనొప్పి అని మాత్రలిచ్చి పంపేశారు. మేము పెద్దాసుపత్రి వరండాలో మోకరించి ఉన్న రాత్రి, ఒక చిన్న వయసు డ్యూటీ డాక్టరమ్మ నీ మెడ బిగుసుకుపోవడం గమనించి, తెల్లారేదాకా ఆగకుండా నీ వెన్ను నుంచి నీరు తీయించి పరీక్షకు పంపింది. ఆ అమ్మాయిని దేవుడే పంపాడని నేను నమ్ముతున్నాను. మన గుంటూరు లూథరన్ మిషనుకు 1883లో అన్నా కుగ్లర్ డాక్టరమ్మ వచ్చారు, 1898లో ఆసుపత్రి తెరిచారు. సువార్త తెచ్చిన మిషనే మనకు వైద్యమూ తెచ్చింది. డాక్టరును తలచుకుంటే ప్రభువు చిన్నబుచ్చుకోడు.

ఇంకొక మాట. "విశ్వాసంతో అడిగితే తప్పక స్వస్థపరుస్తాడు" అని మాత్రం అనవద్దు. నీకోసం చేసినట్టే ఉపవాసముండి భర్త కోసం ప్రార్థించి, చివరికి ఆయన్ని పోగొట్టుకున్న ఆవిడ రెండవ వరుసలో కూర్చుంటుంది. అపొస్తలుడైన పౌలంతటివాడు తనతో ప్రయాణించిన త్రోఫిమును మిలేతు పట్టణంలో రోగిగానే విడిచి వచ్చానని తిమోతికి రాశాడు. త్రోఫిముకు విశ్వాసం లేదని అక్కడ ఒక్క మాట కూడా లేదు. దేవుడు నీకు చేసినది నువ్వు చెప్పు, ఇతరులకు ఏం చేయాలో ఆయనకు వదిలిపెట్టు. వీలైతే కూడిక అయ్యాక ముందు ఆవిడ దగ్గరకు వెళ్ళి చెయ్యి పట్టుకో.

ఇప్పుడు నీ మీద కోపం. వాంతి వచ్చినట్టుంటోందని మధ్యలో మాత్రలు మానావట! జ్వరం పోయినంత మాత్రాన క్రిములు పోలేదమ్మా. మిగిలినవి లోపల దాగి ఉంటాయి కాబట్టే డాక్టరు ఏడాది వాడమన్నారు. కడుపులో తిప్పినా, కళ్ళు పచ్చబడినా, చూపు మసకబారినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి చెప్పాలి గానీ, నీ అంతట నువ్వు మానకూడదు. నిన్ను మళ్ళీ ఆ మంచం మీద చూసే శక్తి నాకు లేదు, బంగారు తల్లీ.

రాసుకున్నది శనివారం సాయంత్రం నాకు ఫోనులో చదివి వినిపించు. స్త్రీల సమాజం వాళ్ళకు కృతజ్ఞత చెప్పే మాట అందులో ఉందో లేదో నేను వినాలి. ఆదివారం మాత్రలు వేసుకున్న తర్వాతే గుడికి బయలుదేరు.

ఇట్లు,
మీ అమ్మమ్మ